ఖైదీలకు కాపలా అక్కర్లేని యుద్ధం

మెడీవల్ 2: టోటల్ వార్ ఆటలో ఒక యుద్ధం గెలిచాక ఒక తెర వస్తుంది. మనవాళ్ళు ఇంతమంది పోయారు, వాళ్ళవాళ్ళు ఇంతమంది పోయారు, ఇంతమంది ఖైదీలుగా చిక్కారు అని లెక్క. కింద మూడు దారులు. ఊరికే వదిలెయ్యొచ్చు, సొమ్ము తీసుకుని వదలొచ్చు, లేదా అందర్నీ చంపించొచ్చు. వదిలేస్తే మన సేనాపతికి ఉదాత్తుడని పేరు పెరుగుతుంది. చంపిస్తే భయంకరుడని పేరు పెరుగుతుంది. ఆ భయం కూడా ఒక అంకె. తర్వాతి యుద్ధంలో ఎదుటి సైన్యం గుండె జారడానికి పనికొస్తుంది.

బీటెక్ మూడో ఏడులో, హాస్టల్లో, పక్క గదివాడి కంప్యూటర్ మీద (గ్రాఫిక్స్ కార్డు వాడిదొక్కడిదే) నేను ఈ ఆట మొదలుపెట్టాను. ఇప్పుడు నాకు ముప్ఫై అయిదు దాటాయి. ఈ మధ్యకాలంలో ఆ తెర ఎన్ని వందలసార్లు చూశానో లెక్క లేదు. దాదాపు ప్రతిసారీ మూడోదే నొక్కాను. కసితో కాదు, కోపంతో కాదు. అది లాభం కాబట్టి. భయంకరుడైన సేనాపతి ఉంటే ముట్టడులు తొందరగా తేలతాయి, అంతే.

ఆటలాడితే హింసాప్రవృత్తి పెరుగుతుందా అనే పాత చర్చలోకి నేను వెళ్ళడం లేదు. నాకు దాని మీద ఆసక్తీ లేదు, నమ్మకమూ లేదు. నేను మాట్లాడదలచుకున్నది వేరే. ఈ ఆటల గురించి ఆటగాళ్ళు తెగ వాడే మాట ఒకటుంది: రియలిజం. మధ్యయుగపు పోరాటాన్ని ఏ ఆట ఎంత నిజంగా చూపిస్తోంది అని రాత్రుళ్ళు కూర్చుని కొట్టుకుంటాం. ఆ కొట్లాట ఎప్పుడూ ఇనుము చుట్టూనే తిరుగుతుంది. ఇంగ్లీషువాళ్ళ పొడుగు విల్లు బాణం ఫ్రెంచివాళ్ళ ఉక్కు కవచాన్ని చీలుస్తుందా లేదా? 2019లో టాడ్స్ వర్క్‌షాప్ అనే యూట్యూబ్ చానెల్ వాళ్ళు నిజంగానే ఒక విలుకాడిని, ఒక రొమ్ము కవచాన్ని పెట్టి పరీక్ష చేశారు. బాణం చీల్చలేదు. ఆ వీడియో నేను మూడుసార్లు చూశాను, ఆఫీసులో నలుగురికి పంపాను, ఒక్కడు కూడా చూడలేదు. ఇక మెడీవల్ 2కి అభిమానులు తయారుచేసిన మార్పుల్లో బాగా పేరున్నది స్టెయిన్‌లెస్ స్టీల్. పేరు వింటే స్టీలు సామాన్ల కొట్టు గుర్తొస్తుంది గానీ, కవచాల అంకెలు, ఆయుధాల అంకెలు సరిచేసి యుద్ధాన్ని "నిజం" చెయ్యాలని పంతం పట్టినవాళ్ళ ఏళ్ళ శ్రమ అది. నేనూ ఆ పంతంలో ఉన్నవాణ్ణే. కాకపోతే ఒక పుస్తకం చదివాక ఇనుము గురించి అడగడం మానేసి వేరే ప్రశ్న అడగడం మొదలుపెట్టాను.

ఆ పుస్తకం జాన్ కీగన్ రాసిన 'ద ఫేస్ ఆఫ్ బాటిల్'. 1976లో వచ్చింది. కీగన్ శాండ్‌హర్స్ట్ సైనిక అకాడమీలో పాఠాలు చెప్పిన మనిషి. తను ఏనాడూ యుద్ధంలో లేనని మొదట్లోనే ఒప్పుకుంటాడు. యుద్ధానికి వెళ్ళబోయే కుర్రాళ్ళకి యుద్ధం చూడనివాడు పాఠం చెప్పడంలోని ఇబ్బంది పుస్తకమంతా పరుచుకుని ఉంటుంది. మూడు యుద్ధాలు తీసుకుంటాడు: అజిన్‌కోర్ట్, వాటర్లూ, సోమ్. సేనాపతుల వ్యూహాలు పక్కనబెట్టి, అక్కడ నిలబడ్డ మనిషికి ఏం జరిగింది అని అడుగుతాడు. విలుకాడికీ గుర్రపురౌతుకీ మధ్య ఏం జరిగింది, కాలినడకన ఉన్నవాడికీ కాలినడకన ఉన్నవాడికీ మధ్య ఏం జరిగింది, చివరికి ఖైదీకీ వాణ్ణి పట్టుకున్నవాడికీ మధ్య ఏం జరిగింది.

అజిన్‌కోర్ట్ మీద నాకు మమకారం ఎందుకంటే ఆ యుద్ధాన్ని నేను అప్పటికే రెండుసార్లు "చేసి" ఉన్నాను. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2కి 2000లో వచ్చిన 'ద కాంకరర్స్' విస్తరణలో అది ఒక ఘట్టం. మెడీవల్ 2లో, అంటే 2006లో, అది చారిత్రక యుద్ధాల్లో ఒకటి. ఒకే యుద్ధం, రెండు ఆటలు, పక్కన ఒక మంచి పుస్తకం. పోల్చి చూడ్డానికి ఇంతకంటే ఏం కావాలి.

యుద్ధం సంగతి కొంచెం చెప్పుకోవాలి. 1415 అక్టోబరు 25. ఇంగ్లండు రాజు అయిదో హెన్రీ ఉత్తర ఫ్రాన్సులో హార్‌ఫ్లర్ రేవుని ముట్టడించి గెలిచాడు గానీ, ఆ ముట్టడిలో సైన్యాన్ని రక్తవిరేచనాలు తినేశాయి. మిగిలినవాళ్ళతో కలే రేవుకి చేరుకుని ఇంటికి పోదామని నడుస్తుంటే ఫ్రెంచి సైన్యం దారికి అడ్డం నిలిచింది. ఎంతమందికి ఎంతమంది అనే దగ్గర ఇప్పటికీ గొడవే. పాత లెక్కల్లో ఇంగ్లీషువాళ్ళు ఆరువేలు, ఫ్రెంచివాళ్ళు దానికి నాలుగైదు రెట్లు. జీతాల చిట్టాలు తిరగేసిన అన్ కరీ 2005లో తన పుస్తకంలో ఆ తేడాని బాగా తగ్గించింది: సుమారు తొమ్మిదివేల మందికి పన్నెండువేల మంది. ఏదైనా ఫ్రెంచివాళ్ళే ఎక్కువ. రెండు వైపులా అడవి, మధ్యలో కొత్తగా దున్నిన చేను, రాత్రంతా వాన. పొద్దున రెండు సైన్యాలూ ఎదురెదురుగా నిలబడి గంటలు గడిపాయి. ఎవరూ కదల్లేదు. చివరికి హెన్రీయే కదిలాడు. విలుకాళ్ళు గుర్రాలకి అడ్డంగా నేలలో పాతుకున్న మొన చెక్కిన గుంజల్ని పెరికి, భుజాన వేసుకుని, బాణం అందేంత దూరం వరకూ ముందుకి నడిచి, శత్రువు చూస్తుండగా మళ్ళీ పాతారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుతాను. మెడీవల్ 2లో ఇంగ్లీషు విలుకాళ్ళకి ఆ గుంజలు ఉంటాయి. గుర్రాలు వాటిమీదికి వస్తే నిలువునా చస్తాయి (మన గుర్రాలు కూడా, మర్చిపోయి నా సొంత నైట్లని ఎన్నిసార్లు పోగొట్టుకున్నానో). కానీ గుంజలు పాతేది యుద్ధం మొదలవకముందు, సైన్యాన్ని సర్దుకునే దశలోనే. ఒకసారి గంట కొట్టాక అవి పీకరావు, కదలవు. అంటే అజిన్‌కోర్ట్‌లో యుద్ధాన్ని మలుపు తిప్పిన అసలు పనేదో సరిగ్గా అదొక్కటే ఆ ఆటలో చెయ్యలేం. ఆట తీసినవాళ్ళు గుంజ బొమ్మని చాలా శ్రద్ధగా గీశారు. దాన్ని పెరికే చేతుల్ని మాత్రం మర్చిపోయారు.

ఆ తర్వాత ఫ్రెంచి రౌతులు రెండు పక్కలనుంచీ వచ్చారు. గుర్రం గురించి కీగన్ చెప్పేది ఆటల్లో ఎక్కడా కనబడదు. గుర్రం రాయి కాదు. ఎదురుగా కదలకుండా నిలబడ్డ అడ్డుని చూసి తనంతట తను గుద్దుకోదు. ఆగుతుంది, పక్కకి తిరుగుతుంది. అక్కడ కొన్ని గుంజల దాకా వచ్చి కూలాయి, ఎక్కువ భాగం బాణాలకి బెదిరి వెనక్కి తిరిగాయి. తిరిగి ఎక్కడికి పోయాయి? అప్పుడే బురదలో కాలినడకన వస్తున్న సొంత సైన్యంలోకి. మెడీవల్ 2లో మాత్రం ఈటెలు వంచి రౌతులు వచ్చి తగిలితే కాల్బలం మొదటి వరస గాల్లోకి లేస్తుంది. చూడ్డానికి ఎంత బావుంటుందో చెప్పలేను. తెరని దగ్గరికి తీసుకుని, వేగం తగ్గించి చూసేవాళ్ళం, నలుగురం, ఒకే మంచమ్మీద కూర్చుని.

ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ సంగతి తొందరగా తేల్చేస్తాను, ఎందుకంటే అది రియలిజం అనే మాటని పెద్దగా నెత్తికెత్తుకోదు. అక్కడ నైట్‌కి వంద ప్రాణాలు. తొంభై తొమ్మిది పోయి ఒక్కటి మిగిలినా మొదటి దెబ్బ ఎంత గట్టిగా వేశాడో చివరి దెబ్బా అంతే గట్టిగా వేస్తాడు. భయపడడు, అలిసిపోడు, వెనక్కి చూడడు. సన్యాసి ఒకడు వచ్చి పాట పాడితే మాత్రం జెండా మారుస్తాడు. మనసు మారే ఏకైక సందర్భం అదే. 2022లో వచ్చిన 'డైనాస్టీస్ ఆఫ్ ఇండియా'లో ద్రవిడులని ఒక జాతిని పెడితే, మనవాళ్ళొచ్చారని సంబరపడి కొన్నాను. ఊరుమి తిప్పే వీరుడున్నాడు గానీ నైట్లు లేరు. మంచిదే. ఆ ఆట చదరంగం లాంటిది. చదరంగంలో ఏనుగుకి ఆకలెందుకు వెయ్యదు అని ఎవరూ అడగరు.

మెడీవల్ 2 అలా కాదు. అది తనని తాను యుద్ధం అంటుంది. అలిసిపోవడం ఉంది, స్థైర్యం ఉంది, వాన ఉంది. అందుకే దాన్ని అడగాలి.

అజిన్‌కోర్ట్‌లో ఫ్రెంచి మొదటి దండు బురదలో ఇంగ్లీషు వరసని చేరింది. వెనక రెండో దండు. ముందున్నవాళ్ళు ఆగిపోయారు, వెనకున్నవాళ్ళకి ఆ సంగతి తెలియదు, తోస్తూనే ఉన్నారు. చేతులెత్తి ఆయుధం ఆడించే చోటు లేకుండా పోయిందని అప్పటి కథకులు రాశారు. పడినవాడు లేవలేదు, వాడి మీద ఇంకొకడు, ఆ ఇద్దరి మీద ఇంకొకడు. చాలామంది ఏ దెబ్బా తగలకుండానే ఊపిరాడక పోయారు. అప్పుడు విలుకాళ్ళు విల్లులు పడేసి, గుంజలు పాతడానికి తెచ్చుకున్న కొయ్యసుత్తులు, గొడ్డళ్ళు, బాకులు పట్టుకుని పక్కలనుంచి దిగారు.

ఇది చదువుతున్నప్పుడు నాకు గుర్తొచ్చింది ఆట కాదు. కొన్నేళ్ళ క్రితం పండగ ముందురోజు ఊరెళ్ళడానికి స్టేషన్‌కి వచ్చాను. ఏ స్టేషనో అనవసరం. చివరి నిమిషంలో ప్లాట్‌ఫారం మారిందని చెప్పారు. అందరం ఒకే పాదచారుల వంతెన మీదకి ఎక్కాం, అటునుంచి దిగినవాళ్ళు ఎదురొచ్చారు. మధ్యలో ఆగిపోయాం. వెనకవాళ్ళకి ఆగామని తెలియదు. నా జేబులో ఫోన్ మోగుతోంది, అమ్మ అయ్యుంటుంది, చెయ్యి జేబు దాకా వెళ్ళడం లేదు. రెండు చేతులూ ఒంటికి అంటుకుపోయాయి. కాసేపు నా కాళ్ళు నేలమీద ఉన్నాయో లేదో కూడా తెలియలేదు. నా ముందున్నాయన మెడ నా మొహానికి నాలుగంగుళాల దూరంలో ఉంది, ఆయన ఊపిరి పీల్చడం మానేస్తే నాకు ముందు తెలిసేది. ఎవరిమీదా కోపం లేదు, ఎవరూ శత్రువు కాదు, కానీ అందరం ఒకళ్ళనొకళ్ళం చంపే స్థితిలో ఉన్నాం. అయిదారు నిమిషాల్లో ఎలాగో సడలింది. ఆ రోజు ఎవరికీ ఏమీ కాలేదు. రైలు కూడా దొరికింది.

మెడీవల్ 2లో ఊపిరాడక ఎవరూ చావరు. సైనికులు జతలుగా విడిపోయి కత్తులు తిప్పుకుంటారు, జత దొరకనివాడు వెనకాల తన వంతు కోసం నిలబడతాడు, బ్యాంకులో నిలబడ్డట్టు. దీనికి సాంకేతిక కారణం ఉంది, నేను తీసిపారెయ్యను. రెండువేలమంది సైనికుల్లో ప్రతివాడూ పక్కవాణ్ణి ఎంత బలంగా తోస్తున్నాడో ప్రతి ఫ్రేములోనూ లెక్కగట్టమంటే 2006 నాటి కంప్యూటర్ పొగలు కక్కేది. కానీ నా అనుమానం ఏంటంటే, అసలు కారణం ప్రాసెసర్ కాదు. తొక్కిసలాటని నిజంగా లెక్కలోకి తీసుకుంటే ఆట లెక్కే తలకిందులైపోతుంది.

మొదటి ప్రపంచయుద్ధం నాటికి ఫ్రెడరిక్ లాంచెస్టర్ అనే ఇంజనీరు (కార్లు తయారుచేసిన లాంచెస్టర్ ఆయనే) ఒక సూత్రం కట్టాడు. దూరాన్నుంచి కాల్చుకునే యుద్ధంలో సైన్యం బలం సంఖ్యని బట్టి కాదు, సంఖ్య వర్గాన్ని బట్టి పెరుగుతుందని. రెట్టింపు మంది ఉంటే నాలుగు రెట్ల బలం. స్ట్రాటజీ ఆటలు ఆడినవాళ్ళకి ఈ సూత్రం పేరు తెలియకపోయినా వేళ్ళకి తెలుసు: విలుకాళ్ళని విడివిడిగా పంపకు, పోగేసి ఒకేసారి పంపు. మన ఆటలన్నీ ఈ నమ్మకం మీదే నడుస్తాయి. ఎక్కువ అంటే మేలు. అజిన్‌కోర్ట్ దీనికి పూర్తిగా ఎదురు. ఆ ఇరుకు చేలో ఫ్రెంచివాళ్ళని చంపినవాటిల్లో వాళ్ళ సంఖ్య కూడా ఒకటి. వెనకాల వచ్చిన ప్రతి వెయ్యిమందీ ముందున్నవాళ్ళకి సాయం కాదు, బరువు. ఇంకో దళం పంపితే ఉన్న దళం చస్తుంది అని చెప్పే ఆటని ఎవడు కొంటాడు?

అయినా మెడీవల్ 2 ఒక విషయంలో నిజాయితీగా ఉందని ఒప్పుకోవాలి, అది స్థైర్యం. దళానికి దెబ్బలు తగిలి, పక్కన ఉన్న దళం వెనక్కి తిరిగి, పైనుంచి సేనాపతి కూడా పడ్డాడంటే వాళ్ళ జెండా తెల్లగా మిణుకుతుంది, కాలికి బుద్ధి చెబుతారు. ఒకళ్ళని చూసి ఒకళ్ళు. చావగా ఓడిన సైన్యాలకంటే పారిపోయి ఓడిన సైన్యాలే ఎక్కువ అనే మాట ఈ ఆట చెప్పినంత సూటిగా మన సినిమా ఒక్కటి కూడా చెప్పలేదు. మనకిది తెలియని కథా కాదు. 1565 జనవరిలో తళ్ళికోట యుద్ధంలో రామరాయలు పట్టుబడి, తల తెగాక, విజయనగర సైన్యం ఇక నిలబడలేదు. ఆ రోజు సాయంత్రాన్ని మెడీవల్ 2 నాకు హంపీ శిథిలాలకంటే బాగా అర్థం చేయించింది. ఇంకో మాట: ఈ ఆటలో కొన్ని నైట్ల దళాలు ఆజ్ఞ లేకుండానే శత్రువు మీదకి దూకేస్తాయి. మొదట్లో అది లోపమనుకుని విసుక్కున్నాను. ఇప్పుడు ఆట మొత్తంలో నాకు అన్నిటికంటే నచ్చిన నిజం అదే.

కానీ పారిపోయేవాళ్ళ విషయంలో ఆట ఆగేది ఎక్కడంటే, వాళ్ళు మనకి మిగిలిన పండగ. తేలిక రౌతుల్ని వదిలి వెంటపడతాం. ఇంగ్లండులో టౌటన్ దగ్గర 1461లో జరిగిన యుద్ధం తాలూకు సామూహిక సమాధి ఒకటి 1996లో బయటపడింది. అందులోని పుర్రెల మీద ఒక్కోదానికి ఒకటికి మించి దెబ్బలున్నాయి. పరిగెత్తడానికి శిరస్త్రాణం తీసి పారేసినవాళ్ళో, తీసెయ్యబడినవాళ్ళో. పడ్డాక కూడా కొట్టారు. ఆటలో ఈ దశకి నేలమీద బాణంగుర్తు మాత్రమే కనబడుతుంది, అప్పటికి నేను వేగాన్ని పెంచే బటన్ నొక్కి మంచినీళ్ళకి లేస్తాను.

ఇక చూపు సంగతి. నేను ఆకాశంలో ఉంటాను. అడవిలో దాక్కున్నవాళ్ళు తప్ప మైదానమంతా నాకు కనబడుతుంది. మూలన చిన్న పటం, అందులో ఎర్ర చుక్కలు. హెన్రీకి ఏం కనబడింది? అతను వరసలో నిలబడి స్వయంగా పోరాడాడు, కిరీటం మీద దెబ్బ పడింది. శిరస్త్రాణం సందులోంచి ఎదుటివాడి ఛాతీ కనబడి ఉంటుంది. ఇక్కడ మౌంట్ అండ్ బ్లేడ్ ఆటల్ని ఒక్క మాటలో మెచ్చుకోవాలి. 2022లో పూర్తిగా విడుదలైన బ్యానర్‌లార్డ్‌లో మనం కూడా ఒక గుర్రమ్మీద, జనం మధ్యలో ఉంటాం. రెండు మీటలు నొక్కి "దూకండి" అనగానే ఇక ఏం జరుగుతోందో సగం తెలియదు. ముందున్నవాడి వీపు, దుమ్ము. గెలిచామని తెర చెబితే నమ్మాలి. అయినా ఆజ్ఞ మాత్రం ఎంత దూరాన ఉన్న దళానికైనా అదే క్షణంలో చేరుతుంది.

చూపూ, ఆజ్ఞా, ఈ రెండూ పట్టుకుని ఇప్పుడు ఖైదీల దగ్గరికి వస్తాను.

అజిన్‌కోర్ట్‌లో ఫ్రెంచి మొదటి రెండు దండులూ కూలాక ఇంగ్లీషువాళ్ళు బతికున్నవాళ్ళని గుట్టల్లోంచి బయటికి లాగి పట్టుకున్నారు. లాగింది దయతో కాదు. ఒక ఫ్రెంచి ప్రభువు అంటే పట్టుకున్న సిపాయికి ఇల్లూ పొలమూ. ఖైదీల్ని వరస వెనకాల పోగుచేశారు. ఇంకా ఫ్రెంచి మూడో దండు ఎదురుగా గుర్రాలమీద ఉంది. ఈలోగా సైన్యం సామాన్ల మీద దాడి జరిగిందని వార్త. హెన్రీ ఖైదీల్ని చంపెయ్యమన్నాడు. షేక్స్‌పియర్ నాటకంలో కూడా ఆ ఆజ్ఞ ఉంది. 1944లో లారెన్స్ ఒలివియే సినిమా తీసినప్పుడు దాన్ని వదిలేశాడు, బయట ఇంకో యుద్ధం నడుస్తోంది మరి. నైట్లు ఆ పని చెయ్యడానికి వెనకాడారు. కొంత డబ్బు పోతుందని, కొంత మాట ఇచ్చామని, కొంత తమలాంటివాళ్ళేనని. చివరికి ఒక అధికారి కింద రెండొందలమంది విలుకాళ్ళకి అప్పగించారు. వాళ్ళు నైట్లు కారు, నైట్ల మర్యాదలు వాళ్ళకి వర్తించవు. ఎంతమందిని చంపారో స్పష్టంగా తెలియదు. అంతమందిని చంపడం గబగబా అయ్యే పని కాదని, చాలామందిని బెదిరించి అక్కణ్ణుంచి తోలి ఉంటారని కీగన్ ఊహ. మూడో దండు దాడి చెయ్యలేదు. ఆజ్ఞ ఆపారు.

ఇందులో ఒక్కొక్క ముక్కా చూడండి. ఖైదీలు వెనకాల నిలబడ్డ మనుషులు, వాళ్ళకి కాపలా కావాలి, కాపలా ఉన్నవాడు వరసలో ఉండడు. నేలంతా ఆయుధాలు పడి ఉన్నాయి, వంగి తీసుకోవడమే ఆలస్యం. రాజుకి సరిగ్గా కనబడదు. వార్త నిజమో కాదో తెలియదు. ఆజ్ఞ ఇస్తే వినరు. ఆ హత్య జరిగింది ఈ గందరగోళంలోంచి. హెన్రీని సమర్థించడానికి నేనిది చెప్పడం లేదు. ఆ కాలం రివాజుల ప్రకారం కూడా అది మచ్చే అనేవాళ్ళున్నారు. నేననేది, ఆ పాపానికి ఒక బరువుంది, దాన్ని మొయ్యడానికి ఒక సందర్భముంది.

మెడీవల్ 2లో శత్రువు చిక్కిన క్షణమే మైదానంలో లెక్కలోంచి మాయమై ఒక అంకె అవుతాడు. ఎవరూ కాపలా ఉండక్కర్లేదు. తిరగబడడు. యుద్ధం పూర్తయ్యేదాకా ఎక్కడుంటాడో ఎవరికీ తెలియదు. యుద్ధమంతా ముగిసి, ప్రమాదం మొత్తం పోయి, ఎదుట ఒక్క శత్రువు కూడా మిగలని ప్రశాంతతలో ఆట నన్ను అడుగుతుంది, వీళ్ళని ఏం చెయ్యమంటావని. నేను చెప్పాక ఎవరూ వెనకాడరు. ఎవరు చంపారో కూడా ఉండదు.

నేను రోజూ చేసే పని కూడా ఇలాంటిదే, నిజాన్ని కుదించి నమూనా కట్టడం. ఏ నమూనా అయినా కొంత వదిలెయ్యాల్సిందే, దానికి తప్పుపట్టను. కానీ వదిలేసినవి ఎటువైపు ఒరుగుతున్నాయో చూడాలి కదా. ఇక్కడ బురద వదిలేశారు, ఊపిరాడకపోవడం వదిలేశారు, చూడలేకపోవడం వదిలేశారు, ఆజ్ఞ వినకపోవడాన్ని సగం వదిలేశారు, కాపలా వదిలేశారు. అన్నీ ఆజ్ఞ ఇచ్చేవాడికి సౌకర్యంగా ఉండేవైపే పోయాయి. హెన్రీ చేసిన పని మిగిలింది, హెన్రీకి ఆ పని చెయ్యడానికి ఉన్న భయం పోయింది. కవచం మందం ఎన్ని మిల్లీమీటర్లని కొట్టుకునే మేము ఈ సంగతి మీద ఎప్పుడైనా కొట్టుకున్నామా అంటే, నేనున్న ఏ గుంపులోనూ గుర్తులేదు.

మన భారతంలో యుద్ధపర్వాలు అయిపోయాక స్త్రీపర్వం వస్తుంది. తిక్కన పద్దెనిమిది రోజులూ కొట్టించి, అక్కడితో చాలించకుండా, ఆడవాళ్ళని ఆ నేలమీదికి తీసుకొస్తాడు, ఎవరి శవం ఎక్కడుందో వెతుక్కోమని. అజిన్‌కోర్ట్ తర్వాత కూడా ఎవరో వచ్చారు. శవాల మీద కవచాలే కాదు, బట్టలు కూడా మిగల్లేదు. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్‌లో శవం కాసేపట్లో ఎముకలగూడై, ఆ తర్వాత గడ్డిలో కలిసిపోతుంది. ఆ చోట ఇల్లు కట్టుకోవచ్చు.

కీగన్ చదివాక నేను ఆట మానలేదు. మొన్న శనివారం రాత్రి కూడా ఆడాను. ఇంగ్లండు తరఫున, ఫ్రాన్సు మీద. నదీ వంతెన దగ్గర యుద్ధం. వంతెన మీద అటూ ఇటూ తోసుకోవడం చూస్తూ కావాలనే తెరని కిందికి దించాను, సైనికుల తలల ఎత్తుకి. ఏమీ అర్థం కాలేదు, గెలిచాను. ఖైదీలు రెండొందల పైచిలుకు. మూడు బటన్లు. ఈసారి మూడోది వద్దనుకున్నాను. ఊరికే వదిలేస్తే మళ్ళీ నా మీదికే వస్తారు, కాబట్టి మధ్యదే నొక్కాను, సొమ్ముకి వదలమని. ఫ్రాన్సు రాజు సొమ్ము ఇవ్వనన్నాడు. అలా అంటే ఏమవుతుందో ఆట నియమాల్లోనే ఉంది, ఇన్నేళ్ళుగా నాకు తెలుసు కూడా, ఎందుకో ఆ క్షణంలో గుర్తురాలేదు. ఖైదీల్ని చంపేశారని తెర చెప్పింది. కింద ముందుకి వెళ్ళడానికి ఒక్కటే బటన్ ఉంది.